దేహము కోరుచున్న గడువు

పోలీసు నియామకముల ప్రకటన వెలువడిన నాటినుండి మన జిల్లా కేంద్రములలోని క్రీడామైదానములు, కళాశాలల ఆవరణలు, బైపాసు రోడ్ల అంచులు తెల్లవారకముందే మేలుకొనుచుండును. రాత్రి డ్యూటీ ముగించుకొని నేరుగా వచ్చిన యువకులును, హాస్టలు గదులనుండి జంటలు జంటలుగా నడచివచ్చిన యువతులును చేతిలోని ఫోనులో సెకన్లు చూచుకొనుచు గ్రౌండు చుట్టును పరుగెత్తుచుందురు. తెలంగాణలో 2022లో వెలువడిన ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలోను ముగింపవలెను. వ్రాతపరీక్షకు పుస్తకములున్నవి, మాదిరి ప్రశ్నపత్రములున్నవి, తప్పును దిద్దు ఉపాధ్యాయులున్నారు. ఈ పరుగునకు మాత్రము అభ్యర్థులలో అధికసంఖ్యాకులకు లభించుచున్న ఉపదేశ మొక్కటే: పట్టుదల యున్నచో కానిది లేదని. కోచింగు సెంటర్ల గోడలమీదను, సెల్‌ఫోను వీడియోలలోను, తోటి అభ్యర్థుల నోటను ఈ మాటయే వినవచ్చుచుండును. పట్టుదలను నేను తక్కువచేయను. అయితే కండరమందలి రసాయనిక క్రియలు, రక్తమందలి ఎఱ్ఱకణములు, చర్మము మీది చెమట ఇవి మన సంకల్పమునకు లోబడినవి గావు. అవి మారుటకు వారములు, నెలలు పట్టును. ఆ కాలమును లెక్కించి అభ్యర్థులకు ఇవ్వవలసిన బాధ్యత నియామకమండలులదని చెప్పుటకే నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

కండరము పనిచేయుటకు కావలసిన శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నదను ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ఒకడు మనవాడే యన్న సంగతి ఆ మైదానములలో పరుగెత్తువారిలో ఎందరికి తెలియునో! భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను నగరమును చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తమునందును కణజాలములందును భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతిలో భాస్వరమున్న మేరకు నీలివర్ణ మేర్పడును. కండరమునుండి తీసిన ద్రవములో మాత్రము ఆ నీలిరంగు వెంటనే పూర్తిగా తేలక, క్రమక్రమముగా చిక్కబడుచుండెను. మరియొకరైనచో ఆ ఆలస్యమును పరికరదోషముగా నెంచి ఊరకుండెడివారు. వీరిద్దరును ఆ ఆలస్యమునకు కారణము నారసి, కండరములో క్రియాటిన్‌తో కూడి యుండి తేలికగా విడిపోవు భాస్వరసమ్మేళన మొకటి కలదని 1927లో నిశ్చయించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఇంచుమించు అదే కాలమున దానిని వేరుగా గుర్తించిరి. మరి రెండేండ్లకు, 1929లో, సుబ్బారావును ఫిస్కేయును కండరమునుండి ఏటీపీ యను పదార్థమును వేరుచేసిరి; జర్మనీలో కార్ల్ లోమాన్ సైతము ఆ సంవత్సరముననే దానిని కనుగొనెను. ప్రాణికోటి చేయు ప్రతి కదలికకును ఖర్చగు నాణెము ఈ ఏటీపీయే.

సుబ్బారావు ఆ పనిలో నుండగా శాస్త్రలోకమున చెల్లుచుండిన మతము వేరు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొనిన ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మేయర్‌హాఫ్‌ల పరిశోధనలను బట్టి, కండరము ముడుచుకొనుటకు మూలము లాక్టిక్ ఆమ్లమేయని పెద్దలు నమ్మియుండిరి. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిన మూడేండ్లకు, కోపెన్‌హాగెన్‌లోని ఐనార్ లుండ్స్‌గార్డ్, ఒక విషపదార్థము నెక్కించిన కప్ప కండరములలో లాక్టిక్ ఆమ్లము బొత్తిగా పుట్టకున్నను అవి ముడుచుకొనుచునే యుండుటను, ఆ సమయమున ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోవుటను చూపెను. హిల్ తన పాతమతమును పట్టుకొని వ్రేలాడక, కండరశాస్త్రమున విప్లవము వచ్చినదని 1932లో తానే వ్రాసెను. పండితులలో ఇట్టి నిజాయితీ అరుదు. మన వ్యాయామశాలలలో మాత్రము లాక్టిక్ ఆమ్లము నేటికిని ముద్దాయిగానే నిలిచియున్నది. నిన్న పరుగెత్తినవాని పిక్కలు నేడు నొప్పిపెట్టినచో, “లాక్టిక్ యాసిడ్ పట్టేసింది, ఇంకో నాలుగు రౌండ్లు కొట్టు, అదే పోతుంది” అని చెప్పు గురువులు కోకొల్లలు. ఆ పదార్థము పరుగు ముగిసిన గంట, గంటన్నరలోనే రక్తమునుండి తొలగిపోవును. గుండె కండరము దానిని ఇంధనముగా సైతము వాడుకొనును. రెండవనాడును మూడవనాడును వేధించు నొప్పి కండరతంతువులకు తగిలిన సూక్ష్మమైన గాయముల ఫలితము. దానికి కావలసినవి నిద్ర, తిండి, ఒకటి రెండు దినముల తేలిక నడక.

సుబ్బారావు కనుగొనిన పదార్థములను తెలిసికొనినచో పరుగుపందెముల స్వభావము కూడ బోధపడును. కండరములో నిలువయుండు ఏటీపీ అత్యల్పము. పూర్తి బలముతో పరుగెత్తువానికి అది రెండు మూడు సెకన్లకు మించి చాలదు. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ విడిపోయి తన భాస్వరము నిచ్చి ఏటీపీని మరల నింపును. ఆ సహాయమును ఇంచుమించు 10 సెకన్లలో క్షీణించును. విశాఖపట్నపు జ్యోతి యర్రాజీ 2023లో చెంగ్డూలో 100 మీటర్ల హర్డిల్సును 12.78 సెకన్లలో ముగించినప్పుడు, ఆ పరుగునకు తొలి ఊపు నిచ్చినవి భీమవరపు వైద్యుడు కనుగొనిన ఈ రెండు పదార్థములే. అంతకన్న దీర్ఘమైన పరుగులో గ్లైకోజన్ అను చక్కెరనిలువ ప్రాణవాయువు తోడు లేకయే త్వరత్వరగా విడిపోవును. దానితోపాటు కండరములో ఆమ్లత పెరిగి కాళ్ళు బరువెక్కును. వరంగల్ జిల్లా బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్లను 55.82 సెకన్లలో ముగించి కాంస్యపతకమును గెలుచుకొనెను. ఆ దూరమును పరుగెత్తిన వారెవ్వరైనను, చివరి మలుపు దాటిన తరువాత కాళ్ళు తమ మాట వినకపోవుటను ఎరుగుదురు.

1600 మీటర్ల సంగతి వేరు. ఏడు నిమిషముల పరుగులో ఖర్చగు శక్తిలో ఐదింట నాలుగు పాళ్లకు పైగా ప్రాణవాయువుతో ఇంధనమును దహించుటవలననే రావలెను. 7 నిమిషముల 15 సెకన్లలో ఆ దూరమును ముగించుటయనగా గంటకు 13 కిలోమీటర్లకు పైబడిన వేగము; ఆ వేగమునకు దేహము ప్రతి కిలో బరువునకును నిమిషమునకు సుమారు 47 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకొనవలసియుండును. శిక్షణ లేని ఆరోగ్యవంతుడగు యువకుని గరిష్ఠశక్తి 40కి అటునిటుగా నుండును. ప్రపంచప్రసిద్ధులైన దూరపు పరుగుగాండ్రకు అది 70 నుండి 85 వరకు నుండును. అనగా ఈ పరీక్ష సామాన్యయువకుని, అతని దేహము అందింపగల గరిష్ఠమునకు కొంచెము పైన నిలిపి పరీక్షించుచున్నది. పరుగెత్తువాడు తన లోపము ఊపిరితిత్తులలో నున్నదనుకొనును, ఏలయన ఆయాసము అచ్చటనే తెలియును. నిజమునకు ఆరోగ్యవంతులలో ఈ పరిమితిని ప్రధానముగా నిర్ణయించునది గుండె. విశ్రాంతిలో నిమిషమునకు 5 లీటర్ల రక్తమును పంపు గుండె, సామాన్యునిలో 20 లీటర్ల వరకును, చక్కగా శిక్షణ పొందినవానిలో 30 లీటర్లకు పైగాను పంపగలదు. తొలి రౌండును 100 మీటర్ల పందెమువలె దూకి, మూడవ రౌండులో నడకకు దిగు అభ్యర్థులను ప్రతి మైదానమునను చూడవచ్చును. వారు గుండె తన పూర్తిపనిని అందుకొనకముందే ఫాస్ఫోక్రియాటిన్‌ను, గ్లైకోజన్‌లో కొంతభాగమును ఖర్చుచేసి, ఆమ్లతను కొనితెచ్చుకొన్నవారు. నాలుగు రౌండ్లను సమానవేగముతో పరుగెత్తుమని చెప్పిన శిక్షకుడు వందమంది ప్రోత్సాహకుల పెట్టు.

మన అభ్యర్థుల 1600 మీటర్లు ఇంచుమించుగా ఆంగ్లేయుల మైలే; మైలునకు 1609 మీటర్లు. ఆ మైలును నాలుగు నిమిషములలోపున పరుగెత్తిన తొలి మానవుడు రోజర్ బానిస్టర్ పేరును పట్టుదలకు దృష్టాంతముగా చెప్పని ప్రేరణోపన్యాసకుడు లేడు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులో 3 నిమిషముల 59.4 సెకన్లలో మైలును ముగించిన ఆ యువకుడు అప్పటికి వైద్యవిద్యార్థి. అంతకు పూర్వము ఆక్స్‌ఫర్డు ప్రయోగశాలలో, కదలు పట్టీమీద మనుష్యులను పరుగెత్తించి, ప్రాణవాయువు హెచ్చుగా కలిపిన గాలిని పీల్చినప్పుడు వారి శ్వాస యెట్లుండునో పరిశోధించినవాడు. తానును ఆ పట్టీమీద పరుగెత్తినవాడు. హిల్ సైతము అంతకు ముప్పదియేండ్ల క్రిందట మాంచెస్టరులో వీపునకు గాలిసంచి తగిలించుకొని పరుగెత్తి, తాను విడిచిన గాలిని కొలిపించుకొనెను. తమ దేహముల లెక్క తమకు తెలిసిన ఇట్టివారి కథలను కేవలము మనోబలపు కథలుగా మార్చి చెప్పుట, వారు చేసిన పనిలో సగమును దాచుటయే.

శిక్షణ యనగా దేహమునకు కొలతగా కష్టము పెట్టి, విశ్రాంతిలో అది తన్ను తాను దిద్దుకొనునట్లు చేయుట. ఈ దిద్దుబాట్లలో ఒక్కొక్కదాని గడువు ఒక్కొక్క తీరుగా నుండును. రక్తమందలి ద్రవభాగము తొలి వారము, పది దినములలోనే పెరుగును. అందువలననే క్రొత్తగా పరుగు మొదలిడినవాడు రెండవ వారమున తనకేదో సిద్ధి కలిగినట్లు సంబరపడును. బరువులెత్తువాని బలము తొలి నెలలో పెరుగుటకు కారణము కండరము లావగుట కాదు, నాడులు ఆ కండరమును నడపుట నేర్చుకొనుట. కండరకణములలో ప్రాణవాయువును వాడుకొను మైటోకాండ్రియాలు వృద్ధిపొందుటకు నెల, నెలన్నర పట్టును. జాన్ హొలోస్జీ సెయింట్ లూయిస్‌లో ఎలుకలను మూడు నెలలు పరుగెత్తించి, వాని కండరములలో ఈ శక్తి ఇంచుమించు రెండింతలగుటను 1967లో లోకమునకు చూపెను. ఎముక వీనన్నిటికన్న నిదానము గలది. క్రొత్త భారము పడినప్పుడు ఎముక మొదట తనలోని పాతభాగమును కరగించుకొని, తరువాత క్రొత్తదానిని కట్టుకొనును. కరగించుట వేగము, కట్టుట మందము. ఈ రెంటి నడుమ, మూడవ వారము మొదలు రెండవ నెల వరకు, ఎముక బలహీనమై యుండును. మోకాలి క్రింద ముందుఎముక నొప్పియని అభ్యర్థులు కుంటుచు వచ్చునది సరిగా అప్పుడే; ఊపిరి బాగుపడినది, గుండె బాగుపడినది, ఇక వేగము పెంచుదమని వారు ఉత్సహించునదియు అప్పుడే. ఆ నొప్పిని లెక్కచేయక పరుగెత్తినవారిలో కొందరికి ఎముక సన్నగా చీలుట సైన్యముల శిక్షణాకేంద్రములన్నియు ఎరిగిన సంగతి.

సంపాదించినదానిని పోగొట్టుకొనుటకు మాత్రము దేహము ఇంత గడువు కోరదు. 1966లో అమెరికాలోని డల్లాసులో వైద్యులు ఐదుగురు యువకులను మూడు వారములు మంచముపై పడుకొనబెట్టి చూడగా, వారి ప్రాణవాయు గరిష్ఠశక్తి నాలుగవ వంతునకు పైగా తరిగిపోయెను. ముప్పదియేండ్ల తరువాత ఆ ఐదుగురినే పిలిచి మరల కొలిచిరి. ముప్పదియేండ్ల వయోభారము వారిని తగ్గించిన దానికన్న ఆ మూడు వారముల పడక తగ్గించినదే ఎక్కువయని తేలెను. మంచము పట్టనక్కరలేదు, పరుగు మానుకొన్నను చాలును: ఎడ్వర్డ్ కోయిల్ బృందము 1984లో ప్రకటించిన కొలతల ప్రకారము, చక్కని శిక్షణలో నున్నవారు శిక్షణ మానిన 21 దినములకే ఈ గరిష్ఠశక్తిలో సుమారు 7 శాతమును, 84 దినములకు 16 శాతమును కోల్పోయిరి.

ఈ దృష్టితో మన పరిపాలనను చూడుడు. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబులు ఉద్యోగములకు ప్రాథమిక వ్రాతపరీక్ష 2023 జనవరి 22న జరిగినది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న మొదలైనవి. నడుమ ఇంచుమించు రెండేండ్లు. వాయిదాలకు వ్యాజ్యములు, ఎన్నికలు మొదలగు కారణములు చెప్పుదురు. వానిలో కొన్ని తప్పనివియే కావచ్చును. అయినను ఆ రెండేండ్లలో తేదీ వచ్చునని పరుగెత్తి, రాదని మాని, మరల వచ్చునని పరుగెత్తిన యువకుని దేహమున ఏమి జరిగియుండునో పైలెక్కలను బట్టి ఊహింపవచ్చును. తేదీ ఖాయమైన నాటినుండి పరుగునాటి వరకు మిగులు కొద్ది వారములలో అతడు పోగొట్టుకొన్నదంతయు ఒక్కుమ్మడిగా తెచ్చుకొనబూనును; ఎముకలు, స్నాయువులు, గుండె అన్నియు అపాయమునకు లోనగు కాలమది.

యువతుల విషయమున ఈ గడువుల లెక్కకు మరియొకటి తోడగును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతము, తెలంగాణలో 57.6 శాతము. ఈ అంకెలను మనము వైద్యశాఖ సంగతిగా చదివి ప్రక్కకు పెట్టుచున్నాము. పరుగు మైదానమున ఇవి ఏమగునో చూడుదము. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. 100 మిల్లీలీటర్ల రక్తములో 13 గ్రాముల హిమోగ్లోబిన్ గల యువతి రక్తము అందులో 17 మిల్లీలీటర్లకు పైగా ప్రాణవాయువును మోయగా, 9 గ్రాములు గల యువతి రక్తము 12 మాత్రమే మోయును. ఇరువురి గుండెలును సమానముగా కొట్టుకొన్నను, ఇరువురును సమానముగా శ్రమించినను, రెండవ ఆమె కండరములకు అందునది మూడింట రెండు పాళ్ళకు కొంచెము పైచిలుకు. ఆమె వెనుకబడినచో సోమరితనమని శిక్షకుడనును, బలము లేదని తల్లి యనును, తనకు రాసిపెట్టిలేదని ఆమె తానే అనుకొనును. ఇనుము మాత్రలు వాడినచో నెలకు ఇంచుమించు ఒక గ్రాము చొప్పున హిమోగ్లోబిన్ పెరుగును. అన్నము తిన్న వెంటనే టీ త్రాగు అలవాటు మానినచో తిన్న తిండిలోని ఇనుము ఒంటికి మరికొంత హెచ్చుగా పట్టును. ఈ లోపమును నాలుగు నెలల ముందుగా కనిపెట్టినచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోనే సరిదిద్దవచ్చును. పరుగునకు వారము ముందు తెలిసినచో ఎవ్వరును చేయగలిగినది లేదు.

ఇక వేడి. కండరము తాను వాడు శక్తిలో ఐదవవంతునో, నాలుగవవంతునో మాత్రమే కదలికగా మార్చగలదు, తక్కినదంతయు వేడియే. 60 కిలోల యువకుడు 10 కిలోమీటర్లను 60 నిమిషములలో పరుగెత్తినచో అతని ఒంటిలో పుట్టు వేడి బయటికి పోవు దారి లేకున్నయెడల, ఇంచుమించు 6 నిమిషముల కొక డిగ్రీ చొప్పున దేహతాపము పెరుగును. అరగంటలో అతడు ప్రాణాపాయమున పడును. అట్లు జరుగకుండ కాపాడునది చెమట. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసికొనిపోవును. ఇక్కడ ‘ఆవిరియైనచో’ అను షరతు ప్రధానమైనది. గాలిలో తేమ నిండియున్నప్పుడు చెమట ఆవిరికాక ధారలుగా కారి నేలపాలగును. ఒంట్లోని నీరు పోవును, వేడి మాత్రము పోదు. రాయలసీమ యెండకన్న మచిలీపట్నపు ఉక్కపోతలో పరుగు మరింత కష్టమగుటకు కారణమిదియే. ఉష్ణమాపకములోని అంకె నొక్కదానినే చూచి, ఈనాడు 33 డిగ్రీలే కదా, ఫరవాలేదనువారు సగము సంగతినే చూచుచున్నారు.

జార్ఖండ్‌లో 2024 ఆగస్టు 22న ఎక్సైజు కానిస్టేబులు ఉద్యోగములకు పరుగుపరీక్షలు మొదలైనవి. పురుషులు 10 కిలోమీటర్లను 60 నిమిషములలో ముగింపవలెను. వానాకాలపు ఉక్కపోత. పక్షము దినములు గడవకముందే పదిమందికి పైగా అభ్యర్థులు మరణించిరి. ప్రభుత్వము పరుగును మూడు దినములు నిలిపివేసెను. మన ఉమ్మడి రాష్ట్రమున సైతము ఒకప్పుడు 5 కిలోమీటర్ల పరుగుండెను. అది నేడు లేదు. ఇటీవలి పరీక్షలను ఉభయరాష్ట్రములును చలికాలమున పెట్టినవి, ఇది మెచ్చదగినది. అయితే పరీక్ష డిసెంబరులోనైనను, దానికి సిద్ధమగుట ఏప్రిల్, మే, జూను మాసములలోనే కదా! వ్రాతపరీక్ష చదువులకు ఉదయమంతయు పోయి, సాయంత్రము నాలుగు గంటలకు, నేల ఇంకను సెగలు గ్రక్కుచుండగా మైదానమునకు వచ్చు అభ్యర్థులను కాపాడువారెవరు?

వేడికి అలవాటుపడుట దేహమునకు చేతనైన పనియే. దినమునకు గంట, గంటన్నర చొప్పున 10 నుండి 14 దినములు వేడిలో శ్రమించినచో రక్తమందలి ద్రవము పెరుగును, చెమట ముందుగా పట్టనారంభించును, చెమటతో పోవు ఉప్పు తగ్గును, అదే పనికి గుండె వేగము తగ్గును. వేడిని విడిచిన కొన్ని వారములకు ఈ లాభము కరగిపోవును. హైదరాబాదు హాస్టలులో చల్లని గదిలో చదివినవాడు తీరప్రాంతపు మైదానమునకు ముందునాటి రాత్రి రైలెక్కి వచ్చుట ఇందుకే ప్రమాదకరము. శ్రమను ఋతువుతో ముడిపెట్టి చూచుట మన పూర్వులకు తెలియనిది కాదు. శీతకాలమునందును వసంతమునందును తన శక్తిలో సగము మేరకును, తక్కిన కాలములందు అంతకన్న తక్కువగాను వ్యాయామము చేయవలెనని వాగ్భటుడు విధించెను. ఆధునికులు దానిని అంకెలలో పెట్టిరి. 1950ల దశకమున అమెరికా నౌకాదళపు మెరీన్ సైనికులకు దక్షిణ కరోలినాలోని పారిస్ ద్వీపమున శిక్షణ నిచ్చుచుండగా, వడదెబ్బ తిన్నవారి సంఖ్య మితిమీరుటచే, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకపు లెక్కకు 70 పాళ్ళు, ఎండలో నిలిపిన నల్లగోళపు లెక్కకు 20 పాళ్ళు, నీడలోని మామూలు ఉష్ణమాపకపు లెక్కకు 10 పాళ్ళు ఇచ్చి ఒక సూచికను కట్టిరి, ఆ సూచిక హద్దు దాటిన దినమున కవాతులను ఆపివేసిరి, వడదెబ్బలు తగ్గిపోయినవి. నేడు అదే సూచికను చూపు పరికరము చేతిలో ఇముడునంతటిది. మన మైదానములలో దూరమును కొలుచు టేపు, కాలమును కొలుచు చిప్పు, ఎత్తును కొలుచు యంత్రము ఉన్నవి. వేడిని కొలుచునది మాత్రము లేదు.

పరుగులో వడదెబ్బ తగిలినవానికి దేహతాపము 40 డిగ్రీలు దాటును. మాట తడబడును, అడుగు తప్పును, కొందరు అకారణముగా కోపించుదురు, కొందరు కూలబడుదురు. అప్పుడు చేయవలసినది మెడవరకు మంచునీటిలో ముంచుట, అదియును అంబులెన్సు రాకకు ఎదురుచూడక, అక్కడికక్కడే. చల్లబరచిన తరువాతనే ఆసుపత్రికి తీసికొనిపోవలెనని క్రీడావైద్యులు ఏకకంఠముతో చెప్పుచున్నారు; అరగంటలోపున దేహతాపము దిగినవారిలో ఇంచుమించు అందరును బ్రతుకుదురు. మన మైదానముల ప్రక్కన అంబులెన్సు నిలిచియుండుట చూచితిని, సెలైను సీసాలు చూచితిని, మంచునీటి తొట్టిని ఇంతవరకు చూడలేదు.

ఇంకొక్క సంగతి. ఆదిలాబాదు, భద్రాచలము, పాడేరు ఏజెన్సీలనుండి వచ్చు గిరిజనయువకులలో కొందరు సికిల్ సెల్ జన్యువును తల్లిదండ్రులలో ఒక్కరినుండియే పొందినవారు. వీరు రోగులు గారు, నిత్యజీవితమున వీరికి ఏ బాధయు నుండదు. తీవ్రమైన పరుగులో, వేడిలో, నీరు తగ్గిన స్థితిలో మాత్రము వీరి ఎఱ్ఱకణములు కొడవలి రూపము దాల్చి కండరములకు రక్తమందకుండ చేయవచ్చును. అమెరికా సైన్యశిక్షణలో చేరిన నల్లజాతి యువకులలో ఈ లక్షణమున్నవారికి ఆకస్మికమరణ ప్రమాదము, లేనివారికన్న దాదాపు 28 రెట్లని 1987లో ప్రకటితమైన పరిశోధన తేల్చెను. ఆ అంకెను చూచి ఇట్టివారిని ఉద్యోగములకు దూరముగా నుంచవలెనని ఎవరైనను అన్నచో అది ఘోరమైన పొరపాటు. ఏలయన అమెరికా సైన్యము వేడి విషయమున జాగ్రత్తలను అందరికిని అమలుపరచిన తరువాత జరిగిన, 2016లో వెలువడిన విస్తృతపరిశోధనలో ఆ మరణప్రమాదపు హెచ్చుదల కానరాలేదు. కండరములు దెబ్బతినుట మాత్రము కొంత హెచ్చుగా నుండెను. నీరు, నీడ, నిదానముగా పెంచిన శిక్షణ: ఇవి అందరికిని ఇచ్చినచో ఆ యువకునికిని రక్షణయే. అతడు తన సంగతిని తాను ఎరిగియుండుట అవసరము. కేంద్రప్రభుత్వము 2023లో మొదలిడిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమువలన ఆ పరీక్ష గిరిజనగ్రామములకు వచ్చుచున్నది గూడ.

పోలీసు ఉద్యోగము పూలపాన్పు కాదు, దొంగ ఉష్ణోగ్రత చూచుకొని పరుగెత్తడు, కనుక పరీక్ష కఠినముగానే యుండవలెనని కొందరు పెద్దలందురు. కఠినత్వమును తగ్గింపుమని నేనడుగుట లేదు. 7 నిమిషముల 15 సెకన్లను 7 నిమిషములు చేసినను నాకు అభ్యంతరము లేదు. ఉద్యోగములో చేరిన పిమ్మట నెలల తరబడి శిక్షణ నిచ్చునది ప్రభుత్వమే. ఆ శిక్షణకు తగిన దేహములను ఎన్నుకొనుట ఈ పరుగు ప్రయోజనము. తేదీ తెలియక రెండేండ్లు ఊగిసలాడినవానిని, 9 గ్రాముల హిమోగ్లోబిన్‌తో పరుగెత్తినదానిని, ఉక్కపోతలో కూలినవానిని విఫలులుగా వ్రాసికొన్న పట్టిక ఆ ప్రయోజనమును నెరవేర్చదు. మంచి పోలీసులు కాదగినవారెందరో అందులో ఓడినవారుగా మిగిలిపోవుదురు.

కావున ఉభయరాష్ట్రముల నియామకమండలులకు నా విన్నపము. దేహదారుఢ్య పరీక్షల తేదీని కనీసము పదహారు వారములు ముందుగా ప్రకటింపుడు, ప్రకటించిన తేదీని వ్యాజ్యము వచ్చినప్పుడు తప్ప మార్చకుడు. దరఖాస్తు అందిన నాడే ప్రతి అభ్యర్థికిని సమీపపు ఆరోగ్యకేంద్రమున హిమోగ్లోబిన్, సికిల్ సెల్ పరీక్షలు ఉచితముగా చేయించుకొను చీటీ నిండు. ఫలితము అభ్యర్థి చేతికే అందవలెను, ఎంపికకు దానితో సంబంధముండరాదు. పరుగులను ఉదయము ఎనిమిది గంటల లోపున ముగింపుడు, మైదానమున వేడిసూచికను చూపు పరికరమును, దానిని చదువ నేర్చిన మనిషిని, మంచునీటి తొట్టిని ఉంచుడు. ఇక అభ్యర్థులకు ఒక మాట: పరుగులో చెమట ఉన్నట్టుండి ఆగినను, ఎండలో చలి పుట్టినను, ప్రక్కవాని మాట అర్థము గాకున్నను వెంటనే ఆగి, ఎవరినైనను పిలువుడు. నియామకప్రకటన మరల వచ్చును.